గట్టుదారికి వేసిన కంప

పోయిన వారం బొమ్మిడి నుంచి వస్తా ఉంటే పాపిరెడ్డిపట్టికి ఇవతల బస్సు నిలిచిపోయింది. బ్రాందీ అంగడి తీసెయ్యమని ఆడవాండ్లు రోడ్డుకు అడ్డంగా కూర్చున్నారు. బస్సులో కొందరు వాళ్లను మెచ్చుకున్నారు, కొందరు ఎండకు విసుక్కున్నారు. "అంగడి మూస్తే తాగేవాడు మానుతాడా పెద్దాయనా?" అని పక్క సీటాయన నన్ను అడిగినాడు. ఆ మాటే ఒకప్పుడు ఊరంతా చెప్పుకొని తిరిగినవాణ్ణి నేను.

అప్పుడు నాకు నలభై దాటలేదు. మా ఊరి బడి వెనక నా చేను, చేను అవతల రోడ్డు మీద బ్రాందీ అంగడి. బడికీ అంగడికీ నడుమ నా చేని గట్టు మీదే కాలిదారి. పిల్లలూ, కూలికి పోయేవాళ్లూ అందరూ దాని మీదే నడిచేవాళ్లు, మా నాయన కాలం నుంచీ ఎవరూ అడ్డు చెప్పింది లేదు. ఆ రోజుల్లో దారులు అట్లే ఉండేవని నా ఈడువాళ్లకు తెలుసు.

అంగడి వద్దని మొదట లేచింది మా అక్క. అక్కను ఊళ్లోనే ఇచ్చినాము. బావ మంచివాడే, పొద్దు వాలితే మాత్రం ఆ మనిషి వేరు. అంగడి ఎదురుగా లేకపోతే ఆయన మళ్లీ ఇంటి మనిషి అవుతాడని అక్క ఆశ. చేలున్న ఇండ్లూ కూలి ఇండ్లూ అనకుండా తిరిగి, ఆడవాళ్లందరి చేతా అర్జీ మీద వేలిముద్రలు వేయించింది. మొగవాళ్లం టీ అంగడి దగ్గర కూర్చొని నవ్వుకున్నాము. "అంగడి పోతే మీ అక్క మాకు మజ్జిగ పోస్తుందా మామా?" అని ఒకడంటే, అందరికన్నా గట్టిగా నవ్వింది నేనే.

బడికి మరీ దగ్గరలో అంగడి ఉండకూడదని చట్టం, దూరం కొలిచేదేమో జనం నడిచే దారిన. గట్టు మీద కొలిస్తే అంగడి పోతుంది, రోడ్డు చుట్టి కొలిస్తే నిలుస్తుంది. "చేను మా తమ్మునిది, మనకేం భయం" అని అక్క ఆడవాళ్లకు ధైర్యం చెప్పిందట. అర్జీ మీద దూరం కొలిచే సర్కారు ఆయన వచ్చే పొద్దున నేను తుమ్మకంప కొట్టి గట్టుకు రెండు కొసలా అడ్డం వేసినాను. ఈ పక్క దారి ఉందా అని ఆయన అడిగితే, "లేదు సార్, నా చేను" అన్నాను. ఆడవాళ్లు అరవబోయినారు. అక్క చెయ్యెత్తి వాళ్లను ఊరుకోబెట్టి, నా ముఖం చూసి, ఇంటికి పోయింది. ఆయన టేపు పట్టుకొని రోడ్డు చుట్టి పోయినాడు. అంగడి నిలిచింది.

అది బావ మేలుకేనని, దగ్గర ఉంటే కనీసం ఊళ్లోనే పడతాడని నాకు నేను చెప్పుకున్నాను. నిజానికి ఆయన పక్కన కూర్చొని తాగేవాణ్ణి నేనే, నాకే అది దగ్గర కావల్సింది. రెండేండ్లు తిరగక ముందే తాగుడే బావను తీసుకొనిపోయింది. దినాలైన మరునాడు కంప పీకేసినాను, తాగుడూ మానేసినాను. అప్పటికి గట్టు మీద గడ్డి మోకాలెత్తు పెరిగి, నడిచేవాళ్లు దారి మరిచిపోయినారు.

నిరుడు అక్క ఇంటి ముందు కూర్చొని అనపకాయలు ఒలుస్తా ఉంటే, ఇన్నేండ్లకు నోరు తెరిచి చెప్పినాను, కొలిచిన పొద్దున అంగడి నిలవాలని నా చేతులతో నేనే పాత దారికి కంప వేసినానని. అక్క ఒలిచేది ఆపలేదు.

"తెలుసులేరా. ఆ మధ్యాన్నం నీ చేతులకు ఆముదం రాసింది ఎవరు? అన్ని గీతలు ఊరికే పడతాయా?"

"మరి అడగలేదే అక్కా?"

"అడిగితే నువ్వు ఇంకో అబద్ధం చెప్పాల్సొచ్చేది కదరా."

ఆ అంగడి తరవాత రోడ్డు వెడల్పు చేసేటప్పుడు పోయింది, ఎవరి అర్జీకీ కాదు. ఇప్పుడు మా ఊరి ఆడపిల్లలు అర్జీ తామే రాస్తారు, కొలత దగ్గర తామే నిలబడతారు, అన్నదమ్ముల మాట మీద ఏదీ వదిలిపెట్టరు. మంచిదే. అయినా, తోడబుట్టినవాడు ఉన్నాడు చాలు అనుకునే ఆ నిబ్బరం వాళ్ల కండ్లలో ఎంత వెతికినా కనిపించదు. దాన్ని పోగొట్టినవాళ్లలో నేనొకణ్ణి.