అరచేతిలో రాసుకున్న మాట

ఎవరైనా నా ముందు అరచెయ్యి చాపితే ఇప్పటికీ నాకు అనుమానమే. పాడేరు బస్సులో పక్కన కూర్చున్న గిరిజన స్త్రీ అలాగే చాపింది. అడుక్కుంటోందేమోనని ముఖం తిప్పుకోబోయాను. చేతిలో పెన్నుతో గీసిన ఇంగ్లీషు అక్షరాలున్నాయి. వంకరగా ఉన్నా చదవగలిగాను: కంప్లీటెడ్.

“మా గెడ్డ మీద వంతెన కడతామని పాతిన బోర్డు మీద కొత్తగా రాసినారు బాబూ. సూసి గీసుకున్నాను. ఏటని అర్థం?”

“వంతెన కట్టారా?”

“పునాదైనా తవ్వనేదు.”

ఎగ్జిక్యూటెడ్, ఇంప్లిమెంటెడ్, అచీవ్డ్, కంప్లీటెడ్. రోడ్లు, వంతెనల పనులు చూసే మా ఆఫీసు రిపోర్టుల్లో ఈ మాటలు రోజూ టైపు చేసేది నేనే. ఈమెను ఎవరో కావాలనే నా పక్కన కూర్చోబెట్టారనిపించింది.

“పని చేస్తున్నారని అర్థం,” అన్నాను.

ఆమె గుప్పిట మూసేసింది. నా ముఖంలోకి చూస్తూ నెమ్మదిగా అంది.

“ఒక్కరి మాట నమ్మను బాబూ. ఎక్కినప్పుడు కండక్టర్నడిగాను, ఎనక సీట్లో మేస్టార్నడిగాను. పనయిపోయిందని రాసినారనే ఇద్దరూ సెప్పారు. నువ్వొక్కడివే సేస్తన్నారంటన్నావు. నువ్వు ఆ బోర్డు రాయించిన ఆపీసోడివా?”

నా స్టాపు ఇంకా రెండు మైళ్ళుంది. బస్సు ఆపించి దిగిపోయాను.