వదలకుండా నొక్కిన బటన్

బీజాపూర్ అడవుల్లో ఉసూర్ వైపు రోడ్డు వేస్తున్న ఒక కాంట్రాక్టరు క్యాంపులో వాకీటాకీలు బాగుచేయడం నా పని. ఫోన్ సిగ్నల్ లేని చోటు. అందరికీ ఒకటే చానెల్, అందరి అరుపులూ నా చెవిలోనే.

కొండ మీది వాగు నుంచి క్యాంపుకి నీళ్ల పైపు ఉండేది. రోజూ పొద్దున దాని వెంట నడిచి, ఎక్కడ కారుతోందో వాకీటాకీ సెట్టులో చెప్పే పెద్దాయన్ని నేను మామా అనేవాణ్ణి. మాట సగంలో ఉండగానే బటన్ వదిలేసేవాడు. "అయ్యేదాకా వదలకు మామా, ఎన్నిసార్లు చెప్పాలి!" అని ఒక పొద్దున కసిరాను.

"ఏంది అల్లుడా, పిడికెడు డబ్బాకు ఇంత కిరికిరా?" అని నవ్వాడు. "ఇగ వదల్తే ఒట్టు, పో."

ఆ రోజు పదింటికి చానెల్ మూగబోయింది. ఎవరైనా బటన్ నొక్కి ఊరుకుంటే గరగర కూడా ఆగిపోతుంది, ఇంకెవరి మాటా దూరదు. వారానికోసారి ఏ డ్రైవరో సెట్టు మీద కూర్చునేవాడు. అలా అయితే అందరూ రెండో చానెల్‌కి మారిపోవడం మా అలవాటు. ఏ వెధవరా అని తిట్టి నేనూ మారాను. పదకొండుకి పాత చానెల్ తిప్పి చూస్తే, గరగర రెండుసార్లు వచ్చి మళ్లీ మూగబోయింది. విసుక్కుని టీ తాగాను.

అన్నాల వేళకి మామ రాలేదు. మేం తినేశాం. అప్పటికీ రాలేదు. పొద్దుటి బటన్ ఎవరిదో అప్పుడు తట్టింది.

సిగ్నల్ ఎటు నుంచి వస్తోందో ముల్లుతో చూపే రిసీవరు తీసుకుని జీపెక్కాను. ఆగిన చోటల్లా యాంటెన్నా తిప్పి, ముల్లు బాగా లేచిన దిక్కుకి మ్యాపు మీద గీత గీశాను. రెండు గీతలు కలిసిన చోటికి వెళితే ఉత్త రాతిగోడ. సిగ్నల్ దానికి కొట్టుకుని మళ్లింది.

"ఔర్ కిత్‌నా ఘూమేంగే, సార్?" అని, ఇంకెంత తిరగాలని విసుక్కున్నాడు డ్రైవరు.

"నోర్మూసుకుని నడుపు."

ముల్లు లేవడం తగ్గుతోంది. బ్యాటరీ అయిపోతే ఆ అడవిలో ఆయన దొరకడు.

మూడో గీత వాగు మలుపులోకి పోయింది. దిగి నడిచాం. దగ్గరయ్యాక ఎటు తిప్పినా ముల్లు చివరికే కొడుతోంది. యాంటెన్నా పీకేసి, రిసీవరుని గుండెకి అదుముకుని నిల్చున్న చోటే తిరిగాను. ఒక దిక్కున ముల్లు పడిపోయింది, నా ఒళ్లే సిగ్నల్‌కి అడ్డొచ్చింది. అంటే మనిషి నా వీపు వెనక ఉన్నట్టు.

వెనక్కి తిరిగాను. పైపు కింద రాళ్లలో బోర్లా పడున్నాడు. ఒళ్లు వెచ్చగానే ఉంది, ఊపిరి లేదు. సెట్టు ఛాతీ కింద, బొటనవేలు బటన్ మీద. పదకొండుకి వదిలి మళ్లీ నొక్కింది ఆ వేలే. దాన్ని తీయగానే నా రిసీవర్లో గరగర మొదలైంది. ఏడుపు రాలేదు. ఇప్పటికీ రాలేదు.

పడినప్పుడు పక్కటెముకలు విరిగి గొంతు పెగిలి ఉండదన్నాడు బీజాపూర్ డాక్టరు. ఆసుపత్రి వరండాలో అత్త, మామ భార్య, నా పక్కన కూర్చుంది.

"మీ మామ నిన్ను పిలిచిండా, అల్లుడా?"

"పిలిచాడత్తా."

"ఎప్పుడు?"

"పదింటికి."

"మీరు అన్నాలు తిన్నంకనే గదా జీపు కదిలింది."

"అవునత్తా" అన్నాను.