చెప్పింది చెప్పినట్టు

భీమశంకరరావు పోర్టు ఆఫీసులో గుమాస్తా. ఆ మాట ఎవరైనా అంటే ఆయన వినిపించుకునేవాడు కాదు. డైరెక్టరు గారూ అంటేనే తల తిప్పేవాడు.

ఉద్యోగం కోసం 1968లో అమలాపురం వైపు నుంచి విశాఖపట్నం వచ్చాడు. మొదటి రెండేళ్లూ ప్రతి మాటకీ ముందొచ్చే ‘ఆయ్’ని నోట్లోంచి తీసేసుకోవడానికి కష్టపడ్డాడు. ఆ తర్వాత జీతం లేని సెలవు మూడు నెలలు పెట్టి మద్రాసు వెళ్లాడు. అక్కడ ఒక స్టూడియోలో, షూటింగు చూడవచ్చిన జనాన్ని వెనక్కి నెట్టే పని దొరికింది. తిరిగి వచ్చేటప్పుడు మెడలో నల్లతాడుకి వేలాడే వ్యూఫైండర్ ఉంది. ఒక కన్ను మూసి, దాన్ని రెండో కంటికి ఆనించుకుని క్వార్టర్సు మేడల్నీ, మేకల్నీ, భార్య వెంకటరమణమ్మనీ చూసేవాడు.

“కొంచెం ఎడమకి జరుగు. ఫ్రేములో లేవు,” అన్నాడొకసారి.

“ఫ్రేములో అన్నం ఉడకదు,” అని ఆవిడ గంజి వార్చుకోవడానికి వంటింట్లోకి పోయింది.

సినిమా తియ్యాలి. పేర్లన్నీ పడ్డాక చివర్న, తెర మీద ఇంకే పేరూ లేకుండా, తన పేరు పడాలి. ఆయన బతుకులో కోరిక అదొక్కటే. అది తీరేదాకా నాటకాలు వేయిద్దామని 1972లో ఒక సమాజం పెట్టాడు. కాలనీ రిక్రియేషన్ హాల్లో క్యారమ్స్ వాళ్లు లేచాక రిహార్సల్. నేలంతా సుద్దగీతలు. నోటుబుక్కులో ప్రతి పాత్రకీ అడుగులు, వాటికి అంకెలు. దర్శకత్వం అంటే లెక్క అని ఆయన నమ్మకం. నటుడికి ఆలోచన ఉండటం ఆయన దృష్టిలో పంటికింద రాయిలాంటిది.

షిప్‌యార్డులో ఫిట్టరు కన్నబాబు ఆ సమాజంలో హీరో.

“సార్, ఇక్కడ నాకు కోపం రావాలి కదా? ఎందుకొత్తాదో సెప్తే—”

“కోపం సంగతి నీకెందుకు? మూడడుగులు వెయ్యి. అదే వస్తుంది.”

కన్నబాబు మూడడుగులు వేసేవాడు. కోపం వచ్చేది, భీమశంకరరావు మీద.

పాతపట్నం దావూద్ పరదాలు రాసి, మేకప్ వేసేవాడు. “సుద్దముక్క అరిగిపోనాది గానీ, ఈయన అరగడు బావ,” అనేవాడు కన్నబాబుతో.

ఆ రోజుల్లో ఊరూరా నాటక పరిషత్తులు పోటీలు పెట్టేవి. ఆడవేషాలకి సమాజాల్లో మనుషులు ఉండేవారు కాదు. వేషం కట్టడమే వృత్తిగా ఉన్న ఆడవాళ్లని పిలిచేవారు. బాగా చేసేవాళ్లు తక్కువ కాబట్టి, ఒకే పోటీలో ఒకే మనిషి మూడు సమాజాల నాటకాల్లో కనిపించేది. నిన్న ఒకరికి తల్లి, ఇవాళ ఇంకొకరికి పెళ్లాం. దాన్ని ఎవరూ తప్పు పట్టేవారు కాదు.

గంగాభవాని అలాంటి మనిషి. పద్నాలుగో ఏట ముఖానికి రంగేసుకుంది. భీమశంకరరావు పిలిచేనాటికి ముప్పై దాటాయి. రెండు రోజుల్లో పాఠం వచ్చేసేది. ఆయన అడుగులు చెబుతుంటే తలూపుతూ, అణిగిమణిగి నిలబడేది. స్టేజి మీద జనం ముందు నిలబడ్డాక మాత్రం తనకేదో తోచేది, అది చేసేది.

1976లో అనకాపల్లి పోటీలో ఆవిడది ఓడలో సరుకు నింపే హోల్డులో పడి చనిపోయిన కలాసీ పెళ్లాం వేషం. కబురు విన్నాక ఎడమకి నాలుగడుగులు వేసి ఏడవాలని బుక్కులో ఉంది. ఆవిడ ఏడవలేదు. దండెం మీంచి మొగుడి చొక్కా తీసింది. బొత్తాం ఊడి ఉండటం చూసి, సూదిలో దారం ఎక్కించి కుట్టడం మొదలుపెట్టింది. కుట్టాక దారం పంటితో కొరికింది. హాల్లో ఒక్కరూ దగ్గలేదు. ఉత్తమ దర్శకుడి బహుమతి భీమశంకరరావుకి వచ్చింది. బస్సులో తిరిగి వస్తూ ఆయన బుక్కు తెరిచి, నాలుగడుగులు కొట్టేసి, ముప్పై ఏడో అంకె పక్కన ‘చొక్కా, బొత్తాం, దారం’ అని రాసుకున్నాడు. ఆరు నెలలు గడిచేసరికి అది తనకి తోచిందేనని ఆయనకి గట్టి నమ్మకం కుదిరింది. కాలేజీ కుర్రాళ్లకి దాని మీద గంటసేపు ఉపన్యాసం ఇచ్చాడు.

అలాంటివి ఆరేళ్లలో అయిదు బహుమతులు. అయిదూ నాటకం అయ్యాకే బుక్కులోకి ఎక్కాయి.

1982లో విశాఖలోనే పోటీలు జరిగాయి. అప్పటికి ఆనందపురం జీడిపప్పు వ్యాపారి కామరాజుకి సినిమాకి డబ్బు పెట్టాలని మనసు పోయింది. భీమశంకరరావు ఆయన చుట్టూ ఏడాది తిరిగాడు.

“నాకు నాటకాలు తెల్దండి. ఈ పోటీల్లో మీరు పెద్ద డైరెక్టరని జడ్జీలు అంటే, దసరాకి కొబ్బరికాయ కొట్టీద్దాం,” అన్నాడు కామరాజు. పోటీలు మొదటి రోజు నుంచీ చూస్తానని కూడా అన్నాడు.

గాజువాక సమాజం నాటకం రెండోరోజు. ఉక్కు కర్మాగారం కట్టే చోట పనిచేసే అర్జునరావు దానికి దర్శకుడు. జైలుకి పోయిన కొడుకు తల్లి వేషం గంగాభవానిది. కొడుకు చొక్కా ఆవిడ చేతికొచ్చింది. ఆవిడ బొత్తాం కోసం చూసింది. మూడో వరసలో భీమశంకరరావు లేచి నిలబడిపోయాడు. వెనకవాళ్లు కూర్చోమని అరిచారు. ముందు వరసలో కామరాజు కండువాతో కళ్లు ఒత్తుకుంటున్నాడు.

మర్నాడు పొద్దున్నే పరిషత్తు కార్యదర్శి త్రినాథరావు చేతిలో భీమశంకరరావు ఫిర్యాదు పడింది. గాజువాక వాళ్లు నా దర్శకత్వం దొంగిలించారు, వాళ్లని దర్శకత్వం పోటీ నుంచి తొలగించండి. త్రినాథరావు అందరినీ పిలిపించాడు.

“బొత్తాం కుట్టడం కూడా మీదేనా సార్?” అన్నాడు అర్జునరావు. “మా అమ్మ రోజూ కుడతాది. ఆవిడ మీద కూడా ఓ కాయితం ఎట్టండి.”

త్రినాథరావు గంగాభవాని వైపు తిరిగాడు. “నువ్వు చెప్పమ్మా. అది నీకెవరు నేర్పారు?”

“ఆవిణ్ణి అడగడమేమిటండీ?” అన్నాడు భీమశంకరరావు. “ఆవిడకేం తెలుసు? తాడు లాగితే ఆడే బొమ్మ. ఆరేళ్లుగా ఆ తాడు నా చేతిలో ఉంది.”

గంగాభవాని ఆయన ముఖంలోకి కాసేపు చూసింది. కోపంగా చూడలేదు. చేపల బజార్లో మెత్తబడ్డ చేపని చూసి పక్కన పెట్టినట్టు చూసింది.

“ఔనండి. ఈయన సెప్పిందే సేత్తాను. సొంతంగా నాకేటీ తెల్దు. రాసుకోండి,” అంది. త్రినాథరావు రాశాడు. ఆవిడ సంతకం పెట్టింది. గాజువాక వాళ్లకి దర్శకత్వం బహుమతి లేకుండా పోయింది.

బయట అర్జునరావు, “అలగ సంతకం ఎట్టీసావేటప్పా?” అన్నాడు.

“సాయంత్రం మా నాటకానికి రా తమ్ముడూ. ముందు బల్లలో కూకో.”

మేకప్ దగ్గర ఆవిడ బుక్కు అడిగింది. పదేళ్లలో ఒక నటి తన బుక్కు అడగటం అదే మొదలు. భీమశంకరరావు మురిసిపోతూ ఇచ్చాడు. ఆవిడ దాన్ని దావూద్ చేతిలో పెట్టింది.

“భాయ్, తమ్ముడొచ్చే సీను సదువు.”

“పదకొండు, గుమ్మం దగ్గరకి మూడడుగులు. పన్నెండు, ఆగి నాలుగు అంకెలు లెక్క. పదమూడు, ‘వచ్చావా’ అను. పద్నాలుగు, కుడికి తిరుగు.”

“ఇంకేటుంది?”

“ఇంకేటీ లేదప్పా. అన్నీ అంకెలే.”

“సాల్లే,” అంది.

నాటకంలో పన్నెండేళ్ల కింద తప్పిపోయిన తమ్ముడు తిరిగి వస్తాడు. తమ్ముడు కన్నబాబు. గంగాభవాని మూడడుగులు వేసింది. ఆగింది. నాలుగు లెక్కపెట్టింది. “వచ్చావా,” అంది. కుడికి తిరిగింది. కన్నబాబు చాచిన చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక, కాసేపటికి జేబుల్లో పెట్టుకున్నాడు.

“టిక్కెట్టు కూడా అడుగప్పా!” అని వెనక బల్లల్లోంచి ఎవరో అరిచారు. హాలంతా నవ్వింది. తర్వాతి సీనుకి జనం టీలకోసం లేచిపోవడం మొదలైంది. ఆవిడ ఒక్క మాట మింగలేదు, ఒక్క అడుగు తప్పలేదు. అర్జునరావు ముందు బల్లలో కూర్చుని, కదలకుండా చూస్తున్నాడు.

సీనుకీ సీనుకీ మధ్య భీమశంకరరావు స్టేజి పక్క వింగులో ఆవిడ చెయ్యి పట్టుకున్నాడు. “చెయ్యవేమిటి? చంపేస్తున్నావు!”

“ఏటి సెయ్యమంటారు? సెప్పండి, సేత్తాను.”

ఆయన నోరు తెరిచాడు. ఆవిడ నిజంగానే ఆగింది. పరదా లాగే తాడు పట్టుకుని దావూద్ కూడా ఆగాడు. చొక్కా లేదు, బొత్తాం లేదు, ఈ నాటకంలో తమ్ముడు బతికే ఉన్నాడు. ఒక మనిషి గుమ్మంలో నిలబడి పన్నెండేళ్లకి తమ్ముణ్ణి చూస్తే ఏం చేస్తుందో, పదేళ్ల నుంచీ దర్శకుడైన ఆయనకి ఒక్క ముక్క తోచలేదు.

“ఏడు,” అన్నాడు చివరికి.

“ఎన్ని అంకెలు?” అని అడిగింది.

పోటీలకి అదే ఆఖరి రోజు. ఉత్తమ దర్శకత్వం విజయనగరం వాళ్లకి పోయింది. కామరాజు స్టేజి వెనక్కి వచ్చాడు.

“డైరెక్టరు గారూ, నిన్న గాజువాకోళ్ల నాటకంలో సేసింది ఈవిడే కదా? నిన్న నాకు మా అమ్మ గుర్తొచ్చింది. ఇయాల ఏటైపోనాది ఈవిడికి?”

“నిన్న చేసింది నేను నేర్పిందేనండి.”

“మరి మీ నాటకంలో ఎందుకు నేర్పలేదు?”

కామరాజు ఎకసెక్కానికి అనలేదు. తెలియక అడిగాడు. కన్నబాబు రంగు తుడుచుకునే గుడ్డ ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు.

“ఆవిడకి పొగరెక్కిందండి,” అన్నాడు భీమశంకరరావు. “మనిషి ఎవరైతేనేం? కొత్త మనిషిని తెస్తాను. ఆరు నెలల్లో నిన్న మీరు చూసినదాని తాతని చేయించి చూపిస్తాను.”

“అలగే కానీండి. సూసి, పిక్చరు మొదలెడదాం.”

భీమశంకరరావుకి అంతకంటే మంచి అవకాశం ఎవరూ ఇవ్వలేరు. ఆయన మద్దిలపాలెంలో టైపు నేర్చుకుంటున్న పైడితల్లి అనే అమ్మాయిని తెచ్చాడు. గంగాభవానిని మళ్లీ పిలవలేదు. కన్నబాబు గాజువాక సమాజానికి వెళ్లిపోయాడు. ఆరు నెలలపాటు రోజూ సాయంత్రం తన ఇంట్లోనే నాలుగు గంటలు సాధన. కూర్చోవడానికి అంకెలు, లేవడానికి అంకెలు, తల ఎత్తడానికి, రెప్ప వాల్చడానికి అంకెలు. మొదట్లో ఆ పిల్ల నవ్వొచ్చినచోట నవ్వేది. రెండు నెలలకి అది పోయింది. నాలుగో నెలకి, “కూర్చో అమ్మా,” అని వెంకటరమణమ్మ కాఫీ ఇస్తే, ఎటు తిరిగి కూర్చోవాలని అడిగింది.

1983 మార్చిలో ఒక ఆదివారం పొద్దున కామరాజు వచ్చాడు. పళ్లెంలో మిక్చరు పెట్టారు. పైడితల్లి అరగంట చేసింది. దారం కొరికింది, గుమ్మంలో ఆగింది, ఏడ్చింది. గోడ గడియారం చూసి లెక్కపెట్టినా ఎక్కడా తేడా దొరకదు. కామరాజు మిక్చరు మొత్తం తిన్నాడు.

“బాగుందమ్మా,” అన్నాడు. “ఇప్పుడొకటి సెయ్యి. నాను మీ నాన్ననుకో. జబ్బుగా ఉన్నాను. నీకేటి తోస్తే అది సెయ్యి.”

పైడితల్లి కదల్లేదు. కామరాజు ఒకసారి నిజంగానే దగ్గాడు. ఆ పిల్ల భీమశంకరరావు వైపు తిరిగి, ఆయన పెదాలు కదులుతాయేమోనని చూస్తూ నిలబడింది.

భీమశంకరరావు ముఖం వెలిగిపోయింది.

“చూశారా?” అన్నాడు. “నేను చెప్పందే వేలు కూడా కదపదు.”

కామరాజు లేచి, గుమ్మం బయట విడిచిన చెప్పుల్లో కాళ్లు పెట్టాడు.