వేపమండలు కట్టిన గేటు

మాది స్మార్ట్ బిల్డింగ్. కట్టినప్పుడు కాదు, గేటుకు కెమెరా పెట్టాక అయింది. లిఫ్టు ఇప్పటికీ తరచూ ఆగుతుంది, కుళాయిలో ఉప్పునీళ్లే వస్తాయి. కానీ కారు వస్తే కెమెరా నంబరు చదివి అడ్డకర్రను పైకి లేపుతుంది. చుట్టాలొస్తే ముందు గేటు చూపించేవాళ్లు మావాళ్లు. నా భార్యకు మాత్రం ఆ కర్ర మీద నమ్మకం కుదరలేదు. అది పూర్తిగా లేచి ఉన్నా స్కూటరు మీద తల వంచుకునే లోపలికి వచ్చేది.

కరోనా రెండోసారి విరుచుకుపడినప్పుడు మా కమిటీకి చేతినిండా పని దొరికింది. బయటి బండ్లు లోపలికి రాకూడదన్నారు. రోగం టైర్లకు అంటుకుని వస్తుందని అధ్యక్షుడికి ఎవరో చెప్పారట. ఆయన ఓడరేవులో పెద్ద ఉద్యోగం చేసి రిటైరయ్యారు. ఓడలనే సముద్రంలో నిలబెట్టిన మనిషికి ఆటోలను రోడ్డు మీద నిలబెట్టడం ఒక లెక్క కాదు. గేటు ముందు బ్లీచింగ్ నీళ్లకు చిన్న గుంట కూడా తవ్వించారు. మా కార్లు దాని పక్కనుంచి వెళ్లేవి, టైర్లు పాడవుతాయని.

వాచ్‌మన్ తెలిసినవాళ్లను లోపలికి వదిలేస్తాడని గేటు తాళంచెవి అతని దగ్గర తీసేసుకున్నారు. ఇక కర్ర లేపేది కెమెరా ఒక్కటే. బయటి బండి రావాలంటే ఆ ఇంటివాళ్లు ఫోన్‌లో దాని నంబరు ఇచ్చి బటన్ నొక్కాలి. ఎవరింట్లో పాజిటివ్ వస్తే ఆ ఇంటి బటన్ ఆగిపోతుంది. అంటే బండి అవసరమైన ఇల్లేదో కనిపెట్టి, సరిగ్గా ఆ ఇంటికే బండి రాకుండా చూసే ఏర్పాటు. వాట్సాప్ గ్రూపు నిండా చప్పట్లు మోగాయి.

ఇంత సైన్సు చాలదనుకున్నారేమో, ఒక శుక్రవారం అధ్యక్షుడి భార్య, మరికొందరు ఆడవాళ్లు కలిసి గేటుకు వేపమండలు కట్టించారు. ఇంట్లో అమ్మవారు పోసినప్పుడు గుమ్మానికి కడతారు కదా, అలాగే. గుమ్మం లేదు కాబట్టి కెమెరా స్తంభానికి కట్టారు. పసుపునీళ్లు చల్లి, ఎండి రాలిపోయేదాకా ఎవరూ ముట్టకూడదన్నారు. మండలు కెమెరా కంటికి అడ్డంగా వేలాడుతున్నాయి. అప్పటికి కర్ఫ్యూ వచ్చి ఎవరూ కారు తీయడం లేదు గనక ఆ సంగతి ఎవరికీ తెలియలేదు.

మర్నాడు పొద్దున నా భార్యకు ఊపిరి అందడం కష్టమైంది. అంతకుముందే మా ఇద్దరికీ జ్వరం వచ్చి పాజిటివ్ అని తేలింది. నాది తగ్గింది, ఆమెది తగ్గలేదు. ఆసుపత్రుల్లో ఎక్కడా మంచం ఖాళీ లేదు. దొరికేదాకా ఇంట్లోనే ఆక్సిజన్ పెట్టమని డాక్టరు ఫోన్‌లో చెప్పాడు. మా బావమరిదికి ఆటోనగర్‌లో వెల్డింగ్ షాపు ఉంది. గ్యాసువాళ్లతో రోజూ పనే కాబట్టి ఎవరినో బతిమాలి నిండు సిలిండర్ ఒకటి సంపాదించి, గూడ్స్ ఆటోలో వేసుకుని బయల్దేరాడు. మా ఊరి ఉక్కు ఫ్యాక్టరీ నుంచి ఆక్సిజన్ రైలెక్కి దేశమంతా వెళుతోందని టీవీలో చెబుతున్నారు. మా సిలిండర్ మాత్రం గాజువాక దాటి వచ్చి మా గేటు దగ్గర ఆగిపోయింది.

ఆమెను బాల్కనీలో కుర్చీలో కూర్చోబెట్టి పట్టుకున్నాను. అక్కడినుంచి గేటు కనిపిస్తుంది. నా ఫోన్‌లో బటన్ పనిచేయలేదు. గ్రూపులో రాశాను. ముందు దండాల బొమ్మలు వచ్చాయి. తర్వాత చర్చ మొదలైంది. సిలిండర్‌ను శానిటైజ్ చేశారా అని ఒకరు, పేలితే బాధ్యత ఎవరిదని ఇంకొకరు. గాఢంగా ఊపిరి పీల్చడం వల్ల కలిగే లాభాల మీద ఒకాయన పెద్ద వ్యాసమే పంపాడు. చివరికి అధ్యక్షుడు, దీన్ని ఆనవాయితీగా తీసుకోరాదనే షరతు మీద, మానవతా దృష్టితో అనుమతి ఇచ్చి ఆటో నంబరు మిషన్‌లో ఎక్కించారు.

ఆటో ముందుకొచ్చింది. కర్ర లేవలేదు. బావమరిది వెనక్కి వెళ్లి మళ్లీ వచ్చాడు. దిగి నంబరు ప్లేటు తువ్వాలుతో తుడిచాడు. అప్పుడు తలెత్తి, చేతికందనంత ఎత్తున కెమెరాకు అడ్డంగా ఉన్న మండలను చూశాడు. గేటు దగ్గరికి రాగానే నాకు చేసిన ఫోన్ ఇంకా లైన్లోనే ఉంది కాబట్టి మాటలన్నీ నాకు వినిపిస్తున్నాయి.

"ఆ మండలు తీసీ బావ," అన్నాడు వాచ్‌మన్‌తో. ఇద్దరికీ ముఖపరిచయం లేదు. మా వైపు బావ అనడానికి పరిచయం అక్కర్లేదు.

"అమ్మోరివి. నాను ముట్టను. పిల్లలున్నోణ్ణి."

"పైన మా అక్కకి ఊపిరందట్లేదు. అమ్మోరు సూత్తా ఊరుకుంటాదేటి?"

వాచ్‌మన్ పై అంతస్తుల వైపు ఒకసారి చూసి మాస్కు సర్దుకున్నాడు.

"రూలు బండికి బావ," అన్నాడు చివరికి. "నువ్వు బండివేటి?"

బావమరిది సిలిండర్‌ను దించి, ఒక పక్కకు వాల్చి, అడుగు అంచు మీద తిప్పుకుంటూ నడిపించాడు. బ్లీచింగ్ గుంట దాటేటప్పుడు జారబోయింది, నిలబెట్టాడు. వాచ్‌మన్ నాలుగడుగుల దూరంలో నిలబడి చూశాడు. బాల్కనీల్లోంచి కొందరు ఫోన్లలో తీశారు. సెల్లారులో కార్లు వరసగా ఉన్నాయి, అన్నీ గేటు గుర్తుపట్టేవే.

తమ్ముడు వచ్చాడా అని ఆమె అడిగింది. నడిచి వస్తున్నాడని చెప్పాను.

"తల వంచుకుని రమ్మను," అంది. "ఆ కర్రని నమ్మకూడదు."

అదే మాట ఫోన్‌లో అతనికి చెప్పాను.

సిలిండర్ ఆ రోజుకు పనికొచ్చింది. మర్నాడు మంచం దొరికింది. అంబులెన్స్ కూడా బయటే ఆగింది. ఈసారి ఎవరినీ ఏమీ అడగలేదు. ఆమెను కుర్చీలో కూర్చోబెట్టి గేటు దాకా మోశాం. కర్ర కింద ఆమె తల వంచింది. తిరిగి రాలేదు.

గేటు వల్లే పోయిందని నేను అనను. డాక్టరూ అనలేదు. గేటు దగ్గర ఆటో ఆగి ఉన్నంతసేపూ ఆమె ఊపిరి ఎలా తీసుకుందో నేను చూశాను, అంతే.

కొన్నాళ్లకు మా ఇల్లు నెగెటివ్ అయింది. మీ సౌకర్యాలన్నీ పునరుద్ధరించామని కమిటీ మెసేజ్ పెట్టింది, కింద పువ్వుల గుత్తి బొమ్మ. ఇక మా ఇంటికి ఎవరైనా ఏ బండి మీదైనా రావచ్చు.

ఖాళీ సిలిండర్ తీసుకెళ్లడానికి బావమరిది వచ్చాడు. బటన్ నొక్కాను. మండలు ఎండి రాలిపోయాయి కాబట్టి కెమెరా ఆటోను వెంటనే గుర్తుపట్టింది, కర్ర నిటారుగా లేచింది. అతను ఆటోను రోడ్డు మీదే వదిలి నడిచి వచ్చాడు. సిలిండర్‌ను తిప్పుకుంటూ తిరిగి వెళ్లేటప్పుడు, పైకి లేచి ఉన్న ఆ కర్ర కింద తల వంచాడు.