విమానం ముక్కున బరువు

ఉద్యోగ విరమణకు ఇంకా రెండేళ్లు ఉన్నాయనగా, జూలై నెలలో, నన్ను వికారాబాద్ దగ్గరి ఒక పాలిటెక్నిక్ కాలేజీకి మెకానికల్ విభాగాధిపతిగా బదిలీ చేశారు. చేరిన వారానికే ప్రిన్సిపాల్ అనంతయ్యగారు నా చేతికి ఒక ఆఫీసు ఆర్డరు ఇచ్చారు. దసరా తర్వాత తాండూరులో జరిగే సాంకేతిక ప్రదర్శనలో మా కాలేజీ తరఫున రేడియో కంట్రోల్ నమూనా విమానం ఎగరవలెనని, పర్యవేక్షణ బాధ్యత నాదని అందులో ఉంది. అంతకుముందు సర్వీసంతా నేను డీజిల్ ఇంజన్లు విప్పాను, పంపుసెట్లు బిగించాను, లేతు మిషన్ల దగ్గర పిల్లల వేళ్లు తెగకుండా కాపలా కాశాను. గాలిలోకి లేచేదాని జోలికి మాత్రం ఎన్నడూ పోలేదు.

అదృష్టవశాత్తు విమానం అప్పటికే సగం తయారై ఉంది. తయారు చేస్తున్నది నస్రీన్, మా వర్క్‌షాపులో కాంట్రాక్టు ఇన్‌స్ట్రక్టర్. తాండూరు అమ్మాయి. తండ్రికి అక్కడ నాపరాళ్ల పాలిషింగ్ యూనిట్ ఉంది. మిషన్ల రొదలోనే పెరిగింది కాబట్టి ఏ ఇంజన్ శబ్దమైనా విని, దాని జబ్బేమిటో చెప్పగలదు. ఆమె ఎంచుకున్నది రెండు అంతస్తుల రెక్కలుండే పాతకాలపు విమానం. దాని ప్రతి కొలతనూ అయిదో వంతుకు కుదించి బాల్సా చెక్కతో కడుతోంది. స్కేల్ మోడల్ అంటే అదే. ఎగిరితే చాలదు, అసలు విమానానికి అచ్చు నకలుగా ఉండాలి. గుండ్రటి మొద్దు ముక్కు, పొడవాటి తోక, చూడటానికి బహు ముచ్చటగా ఉండేది.

ఆమె కాంట్రాక్టు దసరా నెలాఖరుతో ముగుస్తుంది. విమానం ఎగిరితే రెన్యువల్‌కు రాస్తానని, ఎగరకపోతే విమానం కడుతున్న షెడ్డును పాత ఫర్నిచరు పెట్టుకోవడానికి ఇచ్చేస్తానని ప్రిన్సిపాల్ నా ఎదుటే ఆమెకు చెప్పారు. ఉద్యోగం పోతే తండ్రి యూనిట్లో బిల్లులు రాసుకుంటూ కూర్చోవాలి. ఆ మాట ఆమె నవ్వుతూనే చెప్పింది గాని, నాకు మాత్రం ఒళ్లు మండింది. బాల్సా చెక్కను అంత పొందికగా కోసే చేతులకు బిల్లులు రాసే పనేమిటి?

ఇక మిగిలింది ఇంజన్. ఇలాంటి నమూనాలకు వాడే చిన్న ఇంజన్లు పెట్రోలుతో కాక మిథనాల్‌లో ఆముదం కలిపిన ఇంధనంతో నడుస్తాయి. స్టార్ట్ చేసేటప్పుడు ప్లగ్గుకు ఒక చిన్న బ్యాటరీ తగిలిస్తే చాలు, ఆ తర్వాత ఇంజన్ తన వేడికి తానే తిరుగుతుంది. వాటిలో టూ స్ట్రోక్ ఉంది, ఫోర్ స్ట్రోక్ ఉంది. టూ స్ట్రోక్ తేలిక, బలం ఎక్కువ, కాని ముక్కున ఉండే చిన్న పంకాను మహా వేగంగా తిప్పుతూ కీచుమంటుంది. ఫోర్ స్ట్రోక్ బరువు, కాస్త నిదానం, అయితే పెద్ద పంకాను తిప్పుతుంది, అసలు విమానంలాగే గుడగుడమంటుంది.

నస్రీన్ ఫోర్ స్ట్రోక్ కావాలంది. చిన్న పంకా పెడితే దాని గాలంతా ఈ మొద్దు ముక్కుకే తగిలి వృథా అవుతుందని ఒక కారణం చెప్పింది. రెండో కారణం అంతకన్నా ముఖ్యమైనది. ఏ విమానమైనా రెక్క ముందంచు నుంచి దాని వెడల్పులో సుమారు మూడో వంతు దూరంలో వేలితో ఎత్తితే సమంగా నిలబడాలి. ఈ రకం విమానానికి ముక్కు పొట్టి, తోక పొడుగు. కాబట్టి తోక బరువుకు సరితూగాలంటే ముక్కులో సీసం పెట్టక తప్పదు. ఆ బరువేదో ఇంజన్‌లోనే ఉంటే పనికొస్తుంది కదా అని ఆమె వాదన. నాకు పూర్తిగా నచ్చింది.

కాని కొనుగోలు కమిటీ అని ఒకటి ఉంటుంది. అధ్యక్షులు ప్రిన్సిపాల్, సభ్యులం నేను, ఎలక్ట్రికల్ విభాగాధిపతి. ఎలక్ట్రికల్ ఆయన అసలు ఇంజనే వద్దు, కరెంటు మోటారు పెడదామన్నారు. కాలేజీకి ఏది కావాలన్నా ఆయన సలహా అదే, దాన్ని ఎవరూ పట్టించుకోలేదు. అనంతయ్యగారిది నవాబుపేట దగ్గర పల్లె. ఇప్పటికీ ఊళ్లో నాలుగు బోర్లున్నాయి. ఆయన దృష్టిలో ఇంజన్ అంటే హార్స్‌పవర్, హార్స్‌పవర్ అంటే ఇంజన్. క్యాటలాగులో ఆ ఒక్క వరుస మీదే వేలు పెట్టి పై నుంచి కిందికి జరిపి, టూ స్ట్రోక్ దగ్గర ఆపారు.

"తాకత్ గింత ఉన్నది, బరువు జూస్తే తక్కువ. ఇంక ఫికరేంది సార్? విమానమంటేనే అల్కగుండాలె గదా" అన్నారు.

బరువు కావాలని అడిగేవాడు ఏ కమిటీలోనైనా పిచ్చివాడిలాగే కనిపిస్తాడు. నేను తోక గురించి, ముక్కు గురించి పావుగంట ఉపన్యసించాను. ఆయన ఓపికగా విన్నారు. అంత బరువే కావాలంటే రాయి కట్టుకోండి, తాండూరులో రాళ్లకేం కరువని సెలవిచ్చారు. మోటారు కాకపోతే ఏదైనా ఒకటేనని ఎలక్ట్రికల్ ఆయన ప్రిన్సిపాల్ వైపు చేయెత్తారు. తీర్మానం రెండు ఓట్లకు ఒకటిగా నెగ్గింది. టూ స్ట్రోక్ వచ్చింది. నస్రీన్ లెక్క వేసి, ముక్కులో ఎంత సీసం పెట్టాలో తేల్చి, తండ్రి యూనిట్ నుంచి అరచేయంత సీసపు దిమ్మ తెచ్చి పనిముట్ల పెట్టెలో పెట్టుకుంది.

ఇంతలో దసరా వచ్చింది. మా వర్క్‌షాపులో ఆయుధ పూజ మల్లేశం సొత్తు. అతను మా అటెండరు, కొడంగల్ వైపు గొర్లు కాసుకునే ఇంటివాడు. పూజ విషయంలో మాత్రం ప్రిన్సిపాల్ మాట కూడా వినడు. ప్రతి ఏడూ లేతుకు, డ్రిల్లింగ్ మిషన్‌కు, వెల్డింగ్ సెట్టుకు పసుపు కుంకుమ పెట్టి తలా ఒక నిమ్మకాయ కడతాడు. ఈసారి విమానానికి ఏకంగా నిమ్మకాయల దండే తెచ్చాడు. మధ్య మధ్య పచ్చిమిరపకాయలు కూడా గుచ్చాడు. ఒకటి చాలదా అని అడిగాను.

"కింద తిరిగేటి లేతుకే ఒకటి గడ్తం. ఇది మీదికి పొయ్యేదాయె సార్" అన్నాడు.

 దండను పంకాకు తగలకుండా ముక్కు కింద ఇంజన్ బిగించిన చోట సన్న తీగతో బిర్రుగా కట్టాడు. పనిమంతుడు, ఊడిపోయేలా ఏదీ కట్టడు. నస్రీన్‌కూ అభ్యంతరం లేదు. ఆమె తండ్రి పాలిషింగ్ మిషన్లకూ అక్కడి పనివాళ్లు దసరాకు నిమ్మకాయలు కడతారట, తన బాబా, అంటే నాన్న, ఏమీ అనడని చెప్పింది.

పండుగ మర్నాడు రేడియో, బ్యాటరీ, ఇంధనం ట్యాంకు బిగించడం పూర్తయింది. ఖాళీ ట్యాంకుతో తూకం చూడాలి. నేనొక పక్క, నస్రీన్ ఒక పక్క రెక్క కింద వేలు పెట్టి ఎత్తాం. విమానం త్రాసు ముల్లులా సమంగా నిలబడింది. సీసం ఇంకా పెట్టనే లేదు. దించి మళ్లీ ఎత్తాం. మళ్లీ అంతే. ఆమె తన కాగితం తీసి లెక్క మొదటి నుంచి చేసింది. తప్పేదీ కనిపించలేదు. అప్పుడే వచ్చిన అనంతయ్యగారు విషయం తెలుసుకుని, సీసం కావాలన్నవాళ్లెవరో ఇప్పుడు చెప్పాలని నా వైపు చూసి మురిసిపోయారు. నస్రీన్ ముఖం వాడిపోయింది. విమానం బాగుందనే సంతోషం కన్నా, తన లెక్క తప్పిందన్న బాధే ఆమెకు ఎక్కువైంది. సీసపు దిమ్మ మళ్లీ పెట్టెలోకి పోయింది.

ఇక్కడ పాఠకులు మమ్మల్ని తిట్టుకుంటారని తెలుసు. మా వైపు వర్క్‌షాపుల్లో ఎవరైనా చెబుతారు, మిషన్‌కు కట్టిన నిమ్మకాయ మాకు కనిపించదు. లారీకి, ట్రాక్టరుకు, పిండి గిర్నీకి పుట్టినప్పటి నుంచి చూస్తున్నాం. అది మిషన్‌లో భాగమే. ముగ్గురం దాని ముందే నిలబడి గురుత్వ కేంద్రం గురించి మాట్లాడుకున్నాం.

విమానాన్ని రెక్కలు విప్పి, రాళ్లు మోసే డీసీఎం వ్యానులో వరిగడ్డి పరిచి తాండూరు చేర్చాం. ఊరి బయట, పాలిషింగ్ యూనిట్లకూ కంది చేలకూ నడుమ ఉన్న మైదానం అది. జనం బాగానే వచ్చారు. నస్రీన్ తండ్రి కూడా తెల్ల లాల్చీ వేసుకుని ముందు వరుసలో కూర్చున్నారు. అనుమతి కాగితాలు పరిశీలించడానికి వచ్చిన కానిస్టేబుల్ ఇందులో ఎక్కేవాళ్లెవరని అడిగాడు. ఎవరూ ఎక్కరని నస్రీన్ అతన్ని ఒప్పించడానికి వెళ్లింది. ఆ సమయంలోనే, అసలు విమానం ఫొటోతో నమూనాను పోల్చి మార్కులు వేసే న్యాయనిర్ణేతలు వస్తున్నారని తెలిసింది. అనంతయ్యగారు ఫొటో చూశారు, విమానం చూశారు, మళ్లీ ఫొటో చూశారు. ఫొటోలో నిమ్మకాయలు లేవు.

మల్లేశం వద్దు సార్ వద్దు సార్ అంటూనే ఉన్నాడు. అనంతయ్యగారు తీగ విప్పి దండ మొత్తం కోటు జేబులో కుక్కుకున్నారు. నేను అప్పుడు కాస్త దూరంగా డబ్బాలో ఇంధనం కలుపుతూ, ఎదురొచ్చిన న్యాయనిర్ణేతలకు టూ స్ట్రోక్ గుణగణాలు వివరిస్తున్నాను. తప్పనిసరై నేను పొగిడిన ఇంజన్లలో అది మొదటిది.

ఇంజన్ మొదటి తిప్పుకే అందుకుంది. నస్రీన్ ట్రాన్స్‌మిటర్ మెడకు వేసుకుని విమానాన్ని వదిలింది. ఇరవై గజాలైనా పోకముందే అది ముక్కు ఆకాశానికెత్తి, నిలువునా లేచింది. జనం చప్పట్లు కొట్టారు. మైకులో వ్యాఖ్యాత అద్భుత విన్యాసం అన్నాడు. అంతలో ముక్కు వాలి కిందికి దూసుకొచ్చి, నేలకు మనిషెత్తున ఉండగా మళ్లీ లేచింది. చప్పట్లు రెట్టింపయ్యాయి. అనంతయ్యగారు నలుదిక్కులా నమస్కారాలు పెడుతున్నారు. నేను నస్రీన్ పక్కకు పరుగెత్తాను.

నస్రీన్ కళ్లు ఆకాశం మీదే ఉన్నాయి. పెదవులు మాత్రం కదిలాయి.

"సార్, తోక బరువైంది. ముక్కుకెల్లి ఏం తీసిండ్రు?"

నేను ప్రిన్సిపాల్ వైపు చూశాను. ఆయన నమస్కారం సగంలో ఆపి, జేబులో చేయి పెట్టి, నెమ్మదిగా నిమ్మకాయల దండ బయటికి తీశారు.  

తోక బరువెక్కిన విమానం వేగం తగ్గిస్తే కూలుతుంది. నస్రీన్ ఇంజన్‌ను పూర్తి వేగంలోనే ఉంచి, ముక్కును కిందికి నొక్కి పడుతూ, మైదానం చుట్టూ ఒక పూర్తి చుట్టు తిప్పింది.  చివరికి అదే వేగంతో నేలకు తాకించింది. విమానం పరుగెత్తి పరుగెత్తి, కంది చేలోకి దూరి, వెల్లకిలా పడి ఆగింది. పంకా విరిగింది, తోక చివర చిట్లింది. మిగతాదంతా క్షేమం. వ్యాఖ్యాత దాన్ని కూడా విన్యాసం కిందే జమకట్టాడు.

చేలో నస్రీన్ చేసిన మొదటి పని, వెంట తెచ్చిన పెట్టెలోంచి సీసపు దిమ్మ తీసి ఒక చేతిలో, ప్రిన్సిపాల్ దగ్గర తీసుకున్న దండ రెండో చేతిలో పట్టుకుని తూచి చూడడం. రెండు చేతులూ సమంగా నిలిచాయి.

"నా లెక్క తప్పు గాదు సార్" అంది. ఉద్యోగం సంగతి ఆ క్షణాన ఆమెకు గుర్తున్నట్టు లేదు.

అనంతయ్యగారికి గుర్తుంది. వెల్లకిలా పడిన విమానాన్ని చూస్తూ, ఇది ఎగిరినట్టా పడినట్టా, పై అధికారులకు ఏమని రాయాలని గొణిగారు. నేను కోపంతో ఏదో అనబోయాను. నస్రీన్ నాకన్నా ముందే, చాలా మర్యాదగా అంది.

"ఎగురాలె అన్నరు సార్, ఎగిరింది. దిగుడు గురించి మీరేం జెప్పలే."

 అది కమిటీలో చర్చించదగిన విషయం కాదని ఆయనకూ అర్థమైంది. సోమవారం రెన్యువల్ కాగితం మీద సంతకమైంది. మరుసటి నెల, ఏ చర్చా లేకుండా, ఫోర్ స్ట్రోక్ ఇంజన్‌కూ ఆమోదం వచ్చింది. దానితో ఆ విమానం నేను రిటైరయ్యే దాకా గుడగుడమంటూ ఎగిరింది.

ఈ ఉదంతం వృత్తిపరంగా నాకు నేర్పింది ఇది. ఇంజన్ ఎంచుకునేటప్పుడు దానికెంత బలముందని మొదట అడగకూడదు, అది కూర్చోబోయే చోట ఎంత బరువు అవసరమో అడగాలి. తూకం వేసే ముందు యంత్రం మీద ఉన్నవన్నీ ఒక్కొక్కటిగా చేత్తో తాకి పేరు చెప్పాలి. అనంతయ్యగారు నేర్చుకున్నది మరుసటి ఏడాది ఆఫీసు ఆర్డరులో కనిపించింది. "విమానం ఎగరవలెను" అన్న చోట ఆయన స్వహస్తంతో ఒక ముక్క చేర్చారు: "మరియు కాళ్ల మీద దిగవలెను."