జాతి అన్న మాట

నేను ఎనిమిదో తరగతితో బడి మానేసినవాణ్ని. బంగారు గని ప్రభుత్వం చేతికి వచ్చిన తరువాత అందులోనే పనికి కుదిరాను. పగటి షిఫ్టు ముగిస్తే స్నానం చేసి, మా గని కాలనీ చాంపియన్ రీఫ్స్‌లోని రీడింగ్ రూముకే పోయేవాణ్ని. నిఘంటువు పక్కన పెట్టుకుని ఇంగ్లీషు సైన్సు పుస్తకాలు చదవగలనని గర్వం.

మాది చిత్తూరు నుంచి గనికి వచ్చిన కుటుంబం. నా భార్యది ముళబాగిలులో బట్టల కొట్టు ఇల్లు. కులాలు వేరు, ఇష్టపడి చేసుకున్నాం. ఆమెకు మూడోసారి కడుపు పోయినప్పుడు మా అమ్మ, "సొంత జాతిలో చేసుకోనుంటే ఇట్లయ్యేదా?" అని రోజూ సాధించేది.

అప్పుడే ఎలుకల గురించి చదివాను. చూడటానికి అచ్చం ఒకేలా ఉన్నా, కొన్నింటిలో రెండు క్రోమోజోములు అతుక్కుని ఒకటైపోతాయట. అలాంటివి మామూలు ఎలుకలతో జతకడితే కొన్ని పిల్లలు కడుపులోనే పోతాయి. తరాలు గడిచేకొద్దీ రెండు గుంపులూ విడిపోయి కొత్త జాతి ఏర్పడవచ్చు. తప్పు నా భార్యది కాదని చెప్పే దారి దొరికిందనుకుని గబగబా ఇంటికి వచ్చాను. ఆమె రాగులు చెరుగుతోంది.

"ఏమ్మే, తెలిసిపోయింది! మనిద్దరివీ వేరే జాతులేమో. అందుకే నిలవడంలేదు."

చేట ఆగింది.

"నువ్వు గూడానా?"

"అది కాదు, ఎలుకల్లో..."

"ఇంగ ఎలుకలతో గూడా పోల్చినావా? మీ అమ్మ పొయ్యికాడ చెప్పేదాన్ని నువ్వు లైబ్రరీకి పోయి నేర్చుకోనొచ్చినావప్పా. బాగుండాది చదువు."

లోపలి నుంచి అమ్మ, "చూడు, బుక్కులో గూడా రాసుండారు!" అంది.

మరునాడు ఆమె ముళబాగిలు బస్సెక్కింది.

గని ఆసుపత్రి డాక్టరుకు సంగతంతా చెప్పి, ఆయన చీటీ రాసిస్తే బెంగళూరు పోయి పరీక్షకు రక్తం ఇచ్చి వచ్చాను. అలాంటి అతుకు నా క్రోమోజోముల్లోనే ఉందని తేలింది. ఆ కాగితం పట్టుకుని ముళబాగిలు పోయాను. వాళ్ల కొట్టు మెట్ల మీద నిలబడి వివరమంతా చెప్పాను. ఆమె కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఇందులో జాతి అనే మాట యాడుండాది?"

"లేదు."

"మరి నువ్వెందుకన్నావు?"

నేను ఎలుకల సంగతి మళ్లీ ఎత్తబోయాను.

"పో, మీ అమ్మకు చదివి చెప్పు," అంటూ కాగితం తిరిగి ఇచ్చింది.

చదివి చెప్పాను. అమ్మ చివరిదాకా విని, "కాగితాల్లో ఏమైనా రాస్తారు, పోప్పా," అంది.