జిలాన్ కొత్త కారు

కార్వేటినగరంలో ఎవరికి కాన్పు నొప్పులొచ్చినా, గుండె పట్టేసినట్టున్నా ముందు తట్టేది జిలాన్ ఇంటి తలుపే. బాడుగ కారు తోలడం మొదలుపెట్టిన నాటి నుంచీ అంతే. టీచరుగా పనిచేసి రిటైరైన చంద్రకాంతమ్మను వారానికి మూడుసార్లు తిరుపతికి డయాలసిస్‌కు తీసుకెళ్లేది కూడా అతనే. ఒంటరి మనిషి, చిన్నప్పుడు అతనికి అక్షరాలు దిద్దబెట్టిన అయివారమ్మ.

పాత కారు మూలపడ్డాక అల్లుడు ఉబేద్ పట్టుబట్టి కొత్తది కొనిపించాడు. అప్పటినుంచి జిలాన్‌కు మనశ్శాంతి పోయింది. ఏసీ తగ్గించాలంటే తెర మీద వేలితో వెతుక్కోవాలి. గుంత తప్పించబోతే గీత దాటావంటూ స్టీరింగు చేతుల్లో వణికేది. పక్క సీట్లో కూరగాయల సంచి పెడితే దానికీ బెల్టు పెట్టమని కుయ్యోమనేది.

"ఇది నా మాట ఇనేది లేదు, నేనే దీని మాట ఇనాల" అని భార్య మెహరాజ్ బేగం దగ్గర గొణుక్కునేవాడు.

మొన్న ఎండాకాలం ఒక ఉదయం, వడమాలపేట దాటాక, చంద్రకాంతమ్మ వాంతి వచ్చేట్టుందంటే కారు పక్కకు ఆపాడు. ఆమె కుదుటపడ్డాక మళ్లీ స్టార్ట్ చేయబోతే కాలేదు. తెర మీద ఎర్ర అక్షరాలు. కంపెనీకి ఫోన్ చేస్తే సాఫ్ట్‌వేర్ లోపమనీ, దేన్నీ ముట్టుకోవద్దనీ, బండిని ఎత్తుకెళ్లే లారీ మధ్యాహ్నానికి వస్తుందనీ చెప్పారు. పాతదైతే ఏదో ఒకటి కెలికి కదిలించేవాడు, లేదా నలుగురిని పిలిచి తోయించేవాడు. దీన్ని తోద్దామన్నా గేరు కూడా కదలలేదు. వెనక సీట్లో చంద్రకాంతమ్మకు ఆయాసం ఎక్కువవుతోంది.

జిలాన్ రోడ్డు మీదికొచ్చి చేయెత్తాడు. కార్లు ఆగకుండా పోయాయి. ఆగింది మామిడికాయల బుట్టలతో మండీకి పోతున్న ఒక ఆటో. దాన్ని తోలే మునికుమార్ అనే అతను సంగతి వినగానే బుట్టలు దింపి చెట్టు నీడన పెట్టేశాడు. వాటిని ఎవరు చూస్తారని జిలాన్ తటపటాయించాడు.

"కాయలు పోతే మళ్లీ కాస్తాయిలే అన్నా. ముందు అమ్మను ఎక్కించు."

దారంతా జిలాన్ ఆమె తలను భుజానికి ఆనించుకుని కూర్చున్నాడు. ఆస్పత్రిలో నర్సు అమల ఆమెను వెంటనే మిషను మీదికి చేర్చింది. ఆమె ఊపిరి నెమ్మదించాకే జిలాన్ బయటికొచ్చాడు. మునికుమార్ వెళ్లలేదు. ఇద్దరినీ ఇంటికి చేర్చడానికి ఆటోలోనే కూర్చుని ఉన్నాడు. ఆనాటి మండీ బేరం పోయిందన్న చింతే అతని ముఖంలో లేదు.

నీకు ఏం చేయమంటావో చెప్పమని జిలాన్ పట్టుబట్టాడు. మునికుమార్ కాసేపు నసిగి, "మాయమ్మకు రాకెట్టు సూడాలని శానా దినాలుగా ఉండాది. నీ కారు బాగైనాక శ్రీహరికోటకు తీసకపో అన్నా" అన్నాడు.

కారు వారం తర్వాత వచ్చింది. అంతవరకూ చంద్రకాంతమ్మను ఆ ఆటోనే ఆస్పత్రికి తిప్పింది. షోరూములో అఖ్సా అనే అమ్మాయి జిలాన్‌ను పక్కన కూర్చోబెట్టుకుని, ఆపదగ్గ కూతలన్నీ ఆపించి, ఏసీ ఎక్కడుందో విసుక్కోకుండా చూపించింది. అయినా ఆ తెరతో అతనికి పొత్తు కుదరలేదు. ఇంతమందికి రుణపడేలా చేసిన బండిని తిట్టడానికి మాత్రం ఇప్పుడు నోరు రావడం లేదు.

డయాలసిస్ లేని ఒక రోజున రాకెట్ ప్రయోగం పడిందని తెలిసి, చంద్రకాంతమ్మను కూడా ఎక్కించుకుని నలుగురూ శ్రీహరికోటకు బయల్దేరారు. మధ్యాహ్నం రాకెట్ లేచింది. మునికుమార్ తల్లి తిరుమలమ్మ నోరు తెరిచి చూస్తూ, తెలియకుండానే చంద్రకాంతమ్మ చేయి పట్టుకుంది. జనమంతా ఆకాశంలోకి చూస్తుంటే జిలాన్ ఆ ఇద్దరినే చూస్తూ నిలబడ్డాడు.

"ఆ పొద్దు నువ్వు ఆపకపోయింటే..." అని మునికుమార్‌తో అనబోయాడు.

"పోనీలే అన్నా" అంటూ మునికుమార్ అతని భుజం మీద చేయి వేశాడు.

తిరుగు దారిలో ఆడవాళ్లిద్దరూ నిద్రపోయారు. వాళ్లకు కుదుపు తగలకుండా జిలాన్ మెల్లగా నడిపాడు.